చెదల మందు పేరుతో టోకరా
రంధ్రాలు లెక్కపెడితే మోసం బయటపడుతుంది

తొలకరి జల్లు పడిన మర్నాడు పొద్దుగూకేసరికి దీపాల చుట్టూ ఉసిళ్లు ముసురుతాయి. రెక్కలు రాల్చుకుని గోడల వారన పాకుతాయి. ఉసిళ్లంటే మరేమీ కావు, రెక్కలొచ్చిన చెదలే. కొత్తగా పుట్టలు పెట్టడానికి బయల్దేరినవే. వాటి వెనకే చెదల మందు కొడతామంటూ మరికొందరు ఊళ్ల మీదకు బయల్దేరుతారు. భుజాన స్ప్రేయరు, చేతిలో రంగుల కరపత్రం, మెడలో ఏదో కంపెనీ కార్డు.

వీరిలో చేసే పని తెలిసినవారూ, లైసెన్సు ఉన్నవారూ లేకపోలేదు. ఏమీ లేకుండా సీసా నీళ్లతో సొమ్ము చేసుకునేవారూ ఉన్నారు. ఎవరు ఎవరో గుమ్మం దగ్గరే తేల్చుకోవడం గృహస్థు చేతిలో ఉంది. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. అడగవలసినవి అడిగి, లెక్కపెట్టవలసినవి లెక్కపెడితే చాలు.

భయపెట్టడమే పెట్టుబడి

మోసగాడి పద్ధతి ఎక్కడైనా ఒకటే. మగవాళ్లు పనుల మీద వెళ్లిన వేళ చూసి వస్తాడు. ద్వారబంధాన్ని వేలితో కొట్టి, "అమ్మగారూ, లోపలంతా డొల్ల. నెలలో ఇల్లు కూలిపోతుంది" అంటాడు. పక్క వీధిలో పని జరుగుతోంది కాబట్టి ఈ ఒక్క రోజే సగం ధర అంటాడు. అడ్వాన్సు ఫోనులో వేయమంటాడు. అరగంటలో గోడలన్నీ తడిపి, పదేళ్ల గ్యారంటీ అని కాగితం చేతిలో పెట్టి ఉడాయిస్తాడు. ఆ కాగితం మీద ఫోను నంబరు తప్ప చిరునామా ఉండదు. మూడు నెలల్లో చెదలు మళ్లీ వస్తాయి. ఫోను మాత్రం పలకదు.

చెదలు నిజంగా ఉన్నాయో లేదో ముందు ఇంటివాళ్లే చూసుకోవచ్చు. చెదలుంటే గోడ మీదో, కర్ర మీదో మట్టితో కట్టిన సన్నని బాట కనిపిస్తుంది. గీకితే లోపల తెల్లని పురుగులుంటాయి. అలాకాక కర్రకు గుండ్రని చిన్న చిల్లులు పడి కింద పిండిలా పొట్టు రాలుతుంటే అది చెద కాదు, కర్రను తొలిచే పెంకుపురుగు. దానికి చేసే వైద్యం వేరు. నేలకు మందు పోయించుకుంటే డబ్బు దండగ.

పైన తడిపితే చాలదు

ఇళ్లకు పట్టే చెదలు చాలావరకు మట్టిలో కాపురముంటాయి. రాణి, గుడ్లు, పిల్లలు అన్నీ అక్కడే. మనకు కనిపించేవి మేత కోసం పైకి వచ్చే కూలి చెదలు మాత్రమే. గోడ మీద మందు చల్లితే పైనున్నవి చస్తాయి, కిందివి ఇంకో దారి వెతుక్కుంటాయి. నాలుగు వారాలు కనిపించకపోయేసరికి పని బాగా జరిగిందని ఇంటివాళ్లు నమ్ముతారు. మోసం సాగేది ఈ నాలుగు వారాల నమ్మకం మీదే.

అసలు వైద్యం పునాది దగ్గర మట్టికి జరగాలి. కట్టిన ఇళ్లకు చెదల మందు ఎలా వేయాలో భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం చెబుతుంది. గోడా నేలా కలిసే చోట సుమారు 12 మిల్లీమీటర్ల రంధ్రాలు, 30 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఏటవాలుగా వేయాలి. ఒక్కో రంధ్రంలో మట్టి పీల్చుకున్నంత మందు నీళ్లు పోయాలి. రంధ్రానికి ఒక లీటరు మించనక్కర్లేదు. తర్వాత రంధ్రాలను పూడ్చేయాలి. ఇంటి బయట పునాది చుట్టూ ఉన్న మట్టికీ మందు అందాలి. చెద పట్టిన కర్రకు విడిగా సన్నని రంధ్రాలు వేసి మందు పట్టించాలి.

వేళ్ల మీద తేలే లెక్క

30 సెంటీమీటర్లంటే దాదాపు అడుగు. పది అడుగులకు పన్నెండు అడుగుల గది చుట్టుకొలత 44 అడుగులు. అంటే ఆ గదికి గుమ్మం పోను 40 రంధ్రాల పైమాటే. అలాంటి మూడు గదుల ఇంటికి సుమారు 120 రంధ్రాలు పడతాయి. రంధ్రానికి లీటరు చొప్పున 120 లీటర్ల మందు నీళ్లు. నేల గట్టిదై సగమే ఇంకినా 60 లీటర్లు. 16 లీటర్ల స్ప్రేయరు ఒక్కసారి నింపి మూడు గదులూ పూర్తయ్యాయంటే ఆ పని ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

మందు లెక్కా ఇలాగే చూడాలి. చెదలకు వాడే ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్.సి. రకం లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు కలపాలి. 120 లీటర్లకు సుమారు 250 మిల్లీలీటర్లు కావాలి. మూత నిండా పోసి డ్రమ్ము కలిపితే అది మందు కాదు, నీళ్లే. ఘాటు వాసన వస్తేనే మందు గట్టిదనుకోవడమూ పొరపాటే. ఇమిడాక్లోప్రిడ్‌కు వాసన పెద్దగా ఉండదు.

లైసెన్సు చూపమనండి

డబ్బు తీసుకుని పురుగుమందులతో ఇళ్లకు మందు కొట్టేవారికి 1968 నాటి పురుగుమందుల చట్టం, 1971 నాటి నిబంధనల కింద లైసెన్సు ఉండాలి. వ్యవసాయ శాఖ లైసెన్సింగు అధికారి దాన్ని ఇస్తారు. సంస్థలో శిక్షణ పొందిన సాంకేతిక నిపుణుడు ఉండాలి. ఇలాంటి శిక్షణ ఇచ్చే సంస్థల్లో హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఒకటి. లైసెన్సు మీద పేరు, చిరునామా, గడువు చూడాలి. అనుమానం వస్తే మండల వ్యవసాయాధికారిని అడిగి వాకబు చేయవచ్చు. పెద్ద కంపెనీ పేరును పోలిన పేరు పెట్టుకుని తిరిగేవారి విషయంలో ఇది మరీ అవసరం.

మందు సీసా సీలు ఇంటివాళ్ల ఎదుటే తీయించాలి. లేబులు మీద మందు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచి, గడువు తేదీ, రంగు త్రికోణం ఉంటాయి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. లేబులు లేని సీసాను గుమ్మం దాటనీయవద్దు. "పాతకాలం ఆల్డ్రిన్ ఉంది, దానికి తిరుగులేదు" అని ఎవరైనా ఆశపెడితే ఒప్పుకోరాదు. ఆల్డ్రిన్‌ను 1996లోనే నిషేధించారు.

ప్రాణాల మీదకూ రావచ్చు

తెలియని చేతుల్లో మందు పడితే పోయేది డబ్బొక్కటే కాదు. 2024 నవంబరులో చెన్నై శివారు కుండ్రత్తూరులో ఒక ఇంట్లో కంపెనీ మనుషులు ఎలుకల మందు పెట్టి వెళ్లారు. ఆ రాత్రి ఏసీ గదిలో పడుకున్న కుటుంబంలో ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. తల్లిదండ్రులు ఆస్పత్రి పాలయ్యారు.

నల్లులకనో, ఎలుకలకనో కాపురముండే ఇంట్లో గ్యాసు బిళ్లలు పెడతామంటే ససేమిరా అనాలి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు అనుమతి పొందిన నిపుణుల అజమాయిషీలోనే వాడవలసినవి. ఏ మందు వేయించినా పిల్లలను, గర్భిణులను, ముసలివాళ్లను ముందే వేరే చోటికి పంపాలి. నీళ్ల బిందెలు, బియ్యం డబ్బాలు బయట పెట్టాలి. తాగునీటి బావి పక్క మట్టిలో మందు పోయనీయరాదు. ఎన్ని గంటల తర్వాత ఇంట్లోకి రావాలో కాగితం మీద రాయించుకోవాలి. ఖాళీ సీసాలు ఇంట్లో దేనికీ వాడవద్దు.

రశీదే ఆయుధం

డబ్బంతా ముందు ఇవ్వరాదు. కొంత పనికి ముందు, మిగతాది రంధ్రాలు చూశాక ఇవ్వాలి. రశీదు మీద సంస్థ చిరునామా, లైసెన్సు నంబరు, మందు పేరు, వాడిన పరిమాణం, తేదీ ఉండాలి. గ్యారంటీ అంటే చెదలు మళ్లీ వస్తే ఉచితంగా మందు వేస్తారా, ఎన్నేళ్ల వరకు, ఫిర్యాదు చేసిన ఎన్ని రోజుల్లో వస్తారు అన్నది రాయించాలి. నోటి మాట గ్యారంటీ నీటి మీద రాతే.

మోసపోతే మొహమాటపడి ఊరుకోనవసరం లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల రూపాయల వరకు చెల్లించిన వ్యవహారాలకు ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాలన్న నియమమూ లేదు. లైసెన్సు లేనివారి సంగతి వ్యవసాయాధికారికి చెబితే పొరుగింటివారైనా బాగుపడతారు.

చెద ఒక్క రోజులో ఇల్లు తినేయదు. కాబట్టి ఈ ఒక్క రోజే సగం ధర అనేవాడికి జవాబు ఒకటే. రేపు లైసెన్సు కాగితంతో రమ్మనండి. నిజమైనవాడైతే వస్తాడు.