పాత గినీపిగ్‌కి కొత్త తోడు

సంక్రాంతి సెలవులకి మండపేట వెళ్లేసరికి మా చిట్టి ఓ మూలన ముడుచుకుని కూర్చుంది. చిట్టి మా ఇంటి గినీపిగ్, వయసు 4 ఏళ్లు. దాంతోపాటే పెరిగిన బుజ్జి డిసెంబర్‌లో చనిపోయింది. అప్పటినుంచి ఇది సగం తిండే తింటోందని చెల్లి చెప్పింది. వంటింటి త్రాసు మీద పెడితే 90 గ్రాములు తగ్గింది. గినీపిగ్ ఒక్క రోజు పూర్తిగా తినకపోయినా పేగుల కదలిక మందగించి ప్రాణం మీదకి వస్తుంది. అందుకే ముందు వెటర్నరీ డాక్టర్‌కి చూపించాం. పళ్లు, పొట్ట బాగానే ఉన్నాయన్నారు. మరి తోడు లేకనేమో!

గినీపిగ్‌లు గుంపుగా బతికే జీవులు. స్విట్జర్లాండ్‌లో అయితే ఒంటరిగా పెంచకూడదని 2008లో రూలే పెట్టారు. సరే అని నేనూ చెల్లీ వెళ్లి 3 నెలల నల్ల పిల్లని తెచ్చాం. నేరుగా చిట్టి కేజ్‌లో పెట్టబోతుంటే మామ్మ ఆపింది. "ఒరేయ్, కొత్త పెట్టని పట్టపగలు గూట్లోకి తోస్తే పాతవి పొడిచి చంపుతాయిరా. కొన్నాళ్లు పక్కన పెట్టు" అంది.

కోళ్ల ఊరి మామ్మ మాట ఊరికే పోలేదు. కొత్త జంతువుని కనీసం 2 వారాలు వేరే గదిలో ఉంచాలి. జలుబు, గజ్జి లాంటివి ఉంటే ఆలోగా బయటపడతాయి. మాకు ఇంకోటి కూడా బయటపడింది. షాపులో "ఆడదే" అని ఇచ్చిన పిల్లని డాక్టర్ చూసి మగది అన్నారు. గినీపిగ్ మగపిల్లలు నెల తిరక్కుండానే పిల్లల్ని పుట్టించగలవు. ఆడదానికి తొలి కాన్పు 7, 8 నెలల వయసు లోపు కాకపోతే కటి ఎముకల జాయింట్ బిగుసుకుపోతుంది, తర్వాత కాన్పు కష్టం. ఎప్పుడూ ఈనని 4 ఏళ్ల చిట్టికి అది చావే. మామ్మ ఆపకపోతే ఏమయ్యేదో! పిల్లని మార్చి, ఈసారి డాక్టర్‌కి చూపించాకే ఇంటికి తెచ్చాం. ఇదీ నల్లదే, పేరు మినుము. 2 వారాల లెక్క మళ్లీ మొదలు.

నేను హాస్టల్‌కి వచ్చేశాను. మిగతాదంతా చెల్లి చేసింది, నేను వీడియో కాల్‌లో చూశాను. రెండో మెట్టు వాసన. వీటికి చూపు కంటే ముక్కే ముఖ్యం. కేజ్‌లు పక్కపక్కన పెట్టి, మధ్యలో వల ఉంచి, ఒకదాని కింద పరిచిన గుడ్డ రెండోదాని దగ్గర వేయాలి. కంప్యూటర్లు డేటా పంపే ముందు హ్యాండ్‌షేక్ చేసుకున్నట్టు అన్నమాట.

మూడోది అసలు పరిచయం. శివరాత్రికి ఇంటికెళ్లి హాల్లో ఉతికిన దుప్పటి పరిచాం. రెండింటి వాసనా లేని చోటు కావాలి, లేకపోతే పాతది "ఇది నా ఇల్లు" అని మీద పడుతుంది. మధ్యలో గరిక, కొత్తిమీర కుప్పలుగా పోశాం. దాక్కోడానికి అట్టపెట్టెలు పెట్టి, ఒక్కోదానికి 2 దారులు కోశాం. ఒకటే దారి ఉంటే పిల్ల లోపల ఇరుక్కుపోతుంది.

చిట్టి గుర్రుమంటూ నడుం ఊపుతూ దాని చుట్టూ తిరిగింది, వెంటపడింది, మీదకెక్కింది. చెల్లి భయపడి విడదీయబోయింది. కానీ ఇవన్నీ మామూలే, పెద్ద ఎవరో తేల్చుకోవడం. కోళ్లలో ఈ వరసని 1921లో షెల్డెరప్ ఎబ్బె అనే నార్వే శాస్త్రవేత్త రాశాడు. ఇంగ్లిష్‌లో 'పెకింగ్ ఆర్డర్' అనే మాట అక్కడిదే. మధ్యలో విడదీస్తే తేలదు, మళ్లీ మొదటికొస్తుంది. పళ్లు టకటకా కొట్టుకోవడం, మెడ మీద బొచ్చు లేవడం చూస్తే మాత్రం జాగ్రత్తపడాలి. రక్తం వచ్చినా, రెండూ ముద్దగా కలబడినా వెంటనే విడదీయాలి, అదీ మందపాటి తువ్వాలు వేసి. చెయ్యి పెడితే మీ వేలికే కాటు. వయసు తేడా ఉండటం మంచిదే, పిల్లలు సాధారణంగా పెద్దదాని పెత్తనం ఒప్పుకుంటాయి.

2 గంటలు ప్రశాంతంగా గడిచాక, బాగా కడిగిన కేజ్‌లో రెండింటినీ పెట్టాం. గిన్నెలు రెండు, నీళ్ల సీసాలు రెండు. ఒకటే ఉంటే పెద్దది కాపలా కాస్తుంది. ఇంకో మాట, మనలాగే వీటి ఒంట్లోనూ విటమిన్ సి తయారవదు. రోజూ కొత్తిమీరో, కాప్సికమ్ ముక్కో, చిన్న జామ ముక్కో పెట్టాలి. ఎండ 30 డిగ్రీలు దాటితే తట్టుకోలేవు కాబట్టి మన వేసవిలో మధ్యాహ్నం పూట ఈ పరిచయాలు పెట్టుకోకండి.

చెల్లి ఆదివారం ఆదివారం తూకం ఫొటో పంపిస్తోంది. చిట్టి పోగొట్టుకున్న 90 గ్రాముల్లో 60 వెనక్కి వచ్చాయి. ఇంకా ఒకే పెట్టెలో పడుకోవు. కానీ మినుము గరిక దగ్గరికి పరిగెత్తితే, చిట్టి కూడా మూల వదిలి వస్తోంది.