పందెపు కారు మలుపు తిరుగు విధము

మేడ్చల్, శామీర్‌పేట బాలురు కంప్యూటరుపై ఆడు కారుపందెములను మేము పలుమారులు గమనించితిమి. వారోడునది వేగము చాలక కాదు, మలుపులోనికి మితిమీరిన వేగముతో చొచ్చుటవలననే. టైరునకు నేలపై గల పట్టు పరిమితము. అందు కొంత బ్రేకునకే వ్యయమైనచో తిరుగుటకు మిగులునది స్వల్పము. కావున తిన్నని దారియందే వేగము తగ్గించి, వెలుపలి అంచునుండి లోపలి అంచును తాకి, మరల వెలుపలికి సాగవలెను. అట్లు చేసినచో వంపు సడలును. ముందుగా వేగము హెచ్చింపవచ్చును. (మన ఊరి త్రోవలపై ఈ విద్య ప్రాణాంతకము. అచ్చట సగము దారి ఎదురుబండ్లది గదా!) 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగర తీరమున, 18 మలుపుల బాటపై విద్యుత్కార్ల ఫార్ములా-ఈ పందెము జరిగెను. అందు వెర్న్ అను ఫ్రెంచివాడు, బ్యాటరీశక్తి తనకు తక్కువగా మిగిలియున్నను, వెంటనంటిన కాసిడీకి చివరివరకు దారి యియ్యక గెలిచెను.