చేతి జాడ మెదడునకు మరల తెలియుట ఎట్లు?

బాలలారా! కన్నులు మూసికొని వ్రేలితో ముక్కును తాకిచూడుడు. చూడకయే చేయి ఎచ్చటనున్నదో మీకెట్లు తెలిసినది? చర్మమునుండియు, కండరములనుండియు, కీళ్లనుండియు మెదడునకు నరములద్వారా ఎడతెగక వార్తలు పోవుచుండుటచేతనే. పక్షవాతమున మెదడులోని రక్తనాళము మూసికొనిపోయియో, చిట్లియో, ఆ వార్తలను గ్రహించు భాగము చెడవచ్చును. అప్పుడు చేతికి గాయమేమియు లేకున్నను దాని జాడ మెదడునకు సరిగా తెలియదు.

పెద్దబాట తెగినపుడు జనులు మరల మరల నడచుటచే చేలగట్టున క్రొత్త కాలిబాట ఏర్పడునట్లు, ఒకే అభ్యాసమును వందలమార్లు చేయగా, చెడక మిగిలిన మెదడుభాగములు చెడిన భాగపు పనిని కొంతవరకు నేర్చుకొనును. అలసట యెరుగక ఇట్టి అభ్యాసము చేయించుటకై, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎంఐటి) యందు నెవిల్ హోగన్, హెర్మానో ఇగో క్రెబ్స్ ప్రభృతులు ‘ఎంఐటి-మానుస్’ అను రోబోను నిర్మించిరి. 1990వ దశకమున దానిని రోగులతో పరీక్షించిరి. రోగి పిడిని పట్టుకొని బల్లపై చేతిని కదల్పగా, ఎదుటి తెరపై చుక్క గమ్యమువైపు సాగును. చేయి తడబడినచో యంత్రము మెల్లగా తోడ్పడును, చేయి తనంతట తానే కదలినచో త్రోవనిచ్చును.

చేతి జాడను గుర్తించుటకును ఇట్టి యంత్రములు ఉపకరించును: కంటికి కనబడకుండ కప్పిన చేతిని యంత్రము మెల్లగా జరుపగా, అది ఎచ్చటనున్నదో రోగి చెప్పి, పిమ్మట సరిచూచుకొనును. అందరికిని పూర్తిగా గుణము కలుగదు; కాని చికిత్సకుల పర్యవేక్షణలో ఓర్పుతో సాగించిన సాధనవలన, పోయినదనుకొన్న శక్తి కొంతయైనను తిరిగి లభింపవచ్చును.