హౌరా మేడ మీద నుంచి నీహారికల ఫొటోలు



జనవరి నెల నడుమ, రాత్రి తొమ్మిదిన్నర గంటల వేళ, హౌరాలో ఒక మేడ మీద నిలబడి ఉన్నామనుకుందాం. ఒక పక్క రైల్వే యార్డు దీపాలు. హుగ్లీ నదికి అవతల కోల్‌కతా నగరపు వెలుగు. పైన ఆకాశం నల్లగా కాక బూడిద రంగులో ఉంటుంది. దక్షిణ దిక్కున బాగా ఎత్తులో ఒరాయన్ రాశిలోని మూడు నక్షత్రాలు ఒకే వరుసలో కనిపిస్తాయి. వాటికి కొంచెం కింద, సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో, కొత్త నక్షత్రాలు పుడుతున్న పెద్ద వాయుమేఘం ఉంది. అదే ఒరాయన్ నీహారిక. మన కంటికి అది ఒక మసక చుక్క మాత్రమే. అదే చోటికి మామూలు డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాను గురిపెట్టి ఓపికగా ఫొటోలు తీస్తే, రెక్కలు విప్పిన పక్షిలాంటి మేఘం కనిపిస్తుంది.

కంటికి కనిపించనిది కెమెరాకు ఎలా కనిపించింది? నగర కాంతి ఉన్నా ఈ పని ఎలా సాధ్యమయింది? ఈ ప్రసంగంలో ఈ రెండు ప్రశ్నలకు సమాధానం తెలుసుకుందాం.

కాంతిని కూడబెట్టడం

చీకటిలో మన కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది. 200 మి.మీ. నాభ్యంతరం గల లెన్సును ఎఫ్/4 వద్ద వాడితే దాని ద్వారం వ్యాసం 200ను 4తో భాగిస్తే వచ్చే 50 మి.మీ. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, ఆ లెన్సు కంటి కంటే సుమారు 50 రెట్లు ఎక్కువ కాంతిని పోగుచేస్తుంది. అంతకంటే ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. కన్ను సెకనులో చిన్న భాగం పాటే కాంతిని నిలుపుకొని, వెంటనే కొత్త దృశ్యానికి మారిపోతుంది. కెమెరా అలా కాదు. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ వచ్చిన కాంతినంతా కూడబెడుతుంది.

ఈ సూత్రం కొత్తది కాదు. 1880 సెప్టెంబరు 30న హెన్రీ డ్రేపర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 51 నిమిషాల ఎక్స్‌పోజరుతో ఒరాయన్ నీహారికను మొదటిసారి ఫొటో తీశాడు. 1883లో ఇంగ్లండులో ఏన్‌స్లీ కామన్ తీసిన ఫొటోలో, దూరదర్శినిలో కంటితో చూసినా కనబడని నక్షత్రాలు నమోదయ్యాయి. 1887లో మొత్తం ఆకాశాన్ని ఫొటోలలో నమోదు చేసే అంతర్జాతీయ పథకం పారిస్‌లో రూపుదిద్దుకుంది. ఆ తరువాత అందులో మన హైదరాబాదు కూడా పాలుపంచుకుంది. బేగంపేటలోని నిజామియా వేధశాల 8 అంగుళాల ఫొటోగ్రఫీ దూరదర్శినితో దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీని గాజు ఫలకాల మీద నమోదు చేసింది. వాళ్ల గాజు ఫలకం చేసిన పనినే ఇవాళ మీ కెమెరాలోని సెన్సర్ చేస్తుంది.

టెలిఫొటో లెన్సు చాలునా?

నీహారికలు చాలా చిన్నవని, పెద్ద దూరదర్శిని లేకపోతే ఫొటో తీయలేమని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. పూర్ణచంద్రుడు మనకు అర డిగ్రీ వెడల్పున కనిపిస్తాడు. ఒరాయన్ నీహారిక సుమారు ఒక డిగ్రీ. దేవయాని గెలాక్సీ పొడవు సుమారు మూడు డిగ్రీలు, అంటే ఆరు చందమామలను వరుసగా పేర్చినంత! ఇవి మనకు కనబడకపోవడానికి కారణం చిన్నవి కావడం కాదు, మసకగా ఉండటం. సాధారణ డి.ఎస్.ఎల్.ఆర్. సెన్సర్ వెడల్పు సుమారు 22 మి.మీ. దానికి 200 మి.మీ. లెన్సు బిగిస్తే ఆరు డిగ్రీలకు పైగా ఆకాశం ఫొటోలో పడుతుంది. దేవయాని గెలాక్సీ అంతా అందులో హాయిగా ఇముడుతుంది.

కొత్త కెమెరాలలో ఎక్కువ భాగం ఇప్పుడు అద్దం లేని మిర్రర్‌లెస్ రకానివి. అందువల్ల వాడిన డి.ఎస్.ఎల్.ఆర్.లు తక్కువ ధరకే దొరుకుతున్నాయి. నేర్చుకునేవారికి అవి చాలు.

భూమి తిరగడం వల్ల వచ్చే చిక్కు

భూభ్రమణం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీలు, అంటే సెకనుకు 15 ఆర్క్ సెకన్లు కదులుతున్నట్లు కనిపిస్తుంది. 200 మి.మీ. లెన్సు, 4.3 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న కెమెరాలో ఒక్కో పిక్సెల్ సుమారు 4.4 ఆర్క్ సెకన్ల ఆకాశాన్ని చూస్తుంది. అంటే ఖగోళ మధ్యరేఖ దగ్గరి నక్షత్రం ఒక్క సెకనులోనే మూడు పిక్సెళ్లకు పైగా జరిగిపోతుంది. అందుకే కదలని ట్రైపాడ్ మీద ఒకటి, ఒకటిన్నర సెకన్లకు మించితే నక్షత్రాలు గీతలుగా మారతాయి.

దీనికి ఇంట్లోనే ఒక ఉపాయం చేసుకోవచ్చు. రెండు చెక్క పలకలను ఒక అంచున తలుపు బందుతో కలపండి. బందు ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టండి. హౌరా అక్షాంశం సుమారు 22.6 డిగ్రీలు కనుక ధ్రువ నక్షత్రం కూడా ఉత్తర దిగంతం నుంచి దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది. బందు నుంచి 22.9 సెంటీమీటర్ల దూరంలో, మరకూ మరకూ మధ్య 1 మి.మీ. ఎడం ఉన్న బోల్టు బిగించండి. ఆ బోల్టును నిమిషానికి సరిగ్గా ఒక చుట్టు తిప్పితే పై పలక ఆకాశంతో సమానంగా కదులుతుంది. గడియారంలోని సెకన్ల ముల్లును చూస్తూ నెమ్మదిగా తిప్పాలి. మామూలు లెన్సుకు చేతితో తిప్పినా సరిపోతుంది. టెలిఫొటో లెన్సుకు మాత్రం చిన్న మోటారు అమర్చడం మేలు.

ఒక్క ఫొటో కాదు, నాలుగు వందలు

కాంతి కణాలు వానచినుకుల్లాంటివి. సగటున ఇన్ని వస్తాయని చెప్పగలం గాని, ప్రతిసారీ సరిగ్గా అన్నే రావు. ఒక పిక్సెల్‌లో నగర ఆకాశం నుంచి 10,000 కణాలు పడుతున్నాయనుకుందాం. అందులో సహజంగా వచ్చే హెచ్చుతగ్గులు 10,000కు వర్గమూలం, అంటే 100. నీహారిక నుంచి వచ్చేవి కూడా 100 కణాలే అయితే అవి ఆ హెచ్చుతగ్గులలో కలిసిపోతాయి. నీహారిక ఉందో లేదో తేల్చి చెప్పలేం.

ఇలాంటి ఫొటోలు 400 తీసి కలిపితే ఏమవుతుంది? నీహారిక కణాలు 40,000 అవుతాయి. ఆకాశపు కణాలు 40 లక్షలు. వాటి హెచ్చుతగ్గులు మాత్రం 2,000 మాత్రమే. ఇప్పుడు నీహారిక కాంతి హెచ్చుతగ్గుల కంటే 20 రెట్లు ఎక్కువ. ఒకటిన్నర సెకన్ల ఫొటోలు 400 అంటే మొత్తం పది నిమిషాల పని! ట్రైపాడ్ మాత్రమే ఉన్నవారు నాలుగైదు నిమిషాలకొకసారి నీహారికను మళ్లీ ఫొటో మధ్యకు తెచ్చుకోవాలి.

ఫొటోలను కలపడానికి డీప్‌స్కైస్టాకర్, సిరిల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఫొటోలను రా ఫార్మాట్‌లోనే తీయాలి. ఐ.ఎస్.ఓ. 800 లేదా 1600 చాలు. తెర మీద ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పెద్దది చేసి చూస్తూ, అది అతి చిన్న చుక్కగా కనిపించేవరకు ఫోకస్‌ను చేతితో సరిచేయాలి. చివరగా లెన్సుకు మూతపెట్టి, అదే ఎక్స్‌పోజరుతో మరో ఇరవై ఫొటోలు తీయాలి. సెన్సర్ వేడి వల్ల పుట్టే దోషాలను వీటి సాయంతో తీసివేయవచ్చు.

నగర కాంతికి చెల్లించే సుంకం

చక్కని చీకటి ప్రదేశంలో ఆకాశపు నేపథ్యం చదరపు ఆర్క్ సెకనుకు సుమారు 22 మాగ్నిట్యూడ్. పెద్ద నగరాల నడుమ అది 18 దగ్గర ఉంటుంది. ఒక్కో మాగ్నిట్యూడ్ తేడాకు కాంతి సుమారు 2.5 రెట్లు మారుతుంది. నాలుగు మాగ్నిట్యూడ్లంటే 40 రెట్లు! అతి మసక వస్తువుల విషయంలో చీకటి ఊరిలో ఒక గంటలో దొరికే ఫలితానికి నగరంలో 40 గంటలు కావాలి. నేపథ్యపు వెలుగును కంప్యూటరులో తీసివేయవచ్చు గాని, దాని హెచ్చుతగ్గులను తీసివేయలేం.

పాత సోడియం దీపాల కాంతి ఎక్కువగా కొన్ని రంగులకే పరిమితం కనుక ఫిల్టరుతో చాలావరకు ఆపగలిగేవాళ్లం. ఎల్.ఇ.డి. దీపాల కాంతి అన్ని రంగులలోనూ పరుచుకొని ఉంటుంది. దాన్ని వడకట్టడం కష్టం. మరో సంగతి. హైడ్రోజన్ మేఘాలు వెలువరించే 656 నానోమీటర్ల ఎరుపు కాంతిని సాధారణ కెమెరాలోని ఫిల్టరు చాలావరకు అడ్డుకుంటుంది. అందుకే మొదట ప్రకాశవంతమైన వాటినే ఎంచుకోవాలి.

హౌరాలో ఎప్పుడు, దేన్ని?

జూన్ నుంచి సెప్టెంబరు వరకు మబ్బులు. వానలు వెనుదిరిగాక ఆకాశం తేటపడుతుంది. నవంబరు నడుమ రాత్రి 9 గంటలలోపే దేవయాని గెలాక్సీ ఉత్తరాన 70 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. డిసెంబరు నడుమ 10 గంటల ప్రాంతంలో కృత్తికలు, అంటే మన పల్లెల్లో పిల్లలకోడి అనే చుక్కల గుంపు, దాదాపు నడినెత్తిన ఉంటాయి. నగర కాంతి, పొగమంచు ప్రభావం అన్నిటికంటే తక్కువగా ఉండేది నడినెత్తినే. జనవరిలో ఒరాయన్ నీహారిక 62 డిగ్రీల ఎత్తుకు వస్తుంది.

అమావాస్యకు అటూ ఇటూ వారం రోజులు ఎంచుకోండి. అయితే దీపావళి, కాళీపూజ అమావాస్య నాడు చీకటి ఉన్నా బాణసంచా పొగ అడ్డం వస్తుంది. నది దగ్గర కనుక శీతకాలంలో లెన్సు మీద మంచు పడుతుంది. లెన్సుకు హుడ్ తగిలించి, మధ్యమధ్య చూసుకోండి. పిట్టగోడ లేని మేడ మీద చీకటిలో తిరగకండి. టెలిఫొటో లెన్సు తగిలించిన కెమెరా గుండా సూర్యుణ్ణి ఎన్నడూ చూడకండి.

మీరు చేయవలసిన ప్రయోగం

ఫొటో అంటే అందమైన బొమ్మ మాత్రమే కాదు, అది ఒక కొలత కూడా. చంద్రుడు లేని రాత్రి మీ మేడ మీద నుంచి నడినెత్తికి గురిపెట్టి ఒక రా ఫొటో తీయండి. సంక్రాంతి సెలవులకు శ్రీకాకుళం జిల్లాలోని మీ అమ్మమ్మగారి ఊరికో, మరో పల్లెకో వెళ్లినప్పుడు అదే లెన్సు, అదే ద్వారం, అదే ఐ.ఎస్.ఓ., అదే ఎక్స్‌పోజరుతో మరొకటి తీయండి. రెండు చోట్లా మూతపెట్టి తీసిన ఫొటో విలువను తీసివేసి, మిగిలిన నేపథ్యపు విలువలను పోల్చండి. మీ ఆకాశం ఎన్ని రెట్లు వెలుగుతున్నదో మీకే తెలుస్తుంది.

ఆ అంకెను నోటుపుస్తకంలో రాసుకోండి. మరుసటి ఏడాది మళ్లీ కొలవండి. పల్లె అంకె కూడా పెరుగుతున్నదంటే, అక్కడి వీధి దీపాలు నేల మీదికి కాక పైకి వెలుగు చిమ్ముతున్నాయని అర్థం. దీపానికి పైన ఒక రేకు కప్పు వేస్తే వెలుగు దారి మీదే పడుతుంది. నగరంలో మనం నలభై గంటలు కష్టపడి రాబట్టుకునేది, అక్కడి పిల్లలకు ఇంకా ఒక్క గంటలో దొరుకుతోంది. అది వాళ్లకు దక్కేలా చూడటం కూడా ఈ పాఠంలో భాగమే.