అమరికల ఫైలు పఠనం: పైథాన్‌లో పేరు–విలువల విభజన, తెలుగు లిపి సమస్యలు

పార్సింగ్ అనే మాట కంప్యూటర్ రంగానికి వ్యాకరణశాస్త్రం నుంచి వచ్చింది. వాక్యాన్ని పదాలుగా విడదీసి, ఒక్కొక్క పదం స్థానాన్ని నిర్ణయించడం దాని మూలార్థం. అమరికల ఫైలును చదివే ప్రోగ్రామ్ చేసే పని కూడా అదే. ఛందోగణన చేసే ప్రోగ్రామ్‌కు పరిశోధకుడిచ్చే సూచనలు ఇలా ఉన్నాయనుకుందాం:

# ఛందోగణన అమరికలు
ఛందస్సు = ఆటవెలది
ప్రాసయతి = లేదు

సమాన చిహ్నానికి ఎడమవైపున్నది పేరు, కుడివైపున్నది విలువ. # గుర్తుతో మొదలయ్యే పంక్తి వ్యాఖ్య. పైథాన్‌లో దీనిని చదవడానికి పది పంక్తుల ప్రోగ్రామ్ చాలు. ఒక్కొక్క పంక్తి అంచుల్లోని ఖాళీలను ‘స్ట్రిప్’తో తొలగించి, ఖాళీ పంక్తులనూ వ్యాఖ్యలనూ విడిచిపెట్టి, మిగిలినదానిని మొదటి సమాన చిహ్నం దగ్గర ‘పార్టిషన్’తో విడదీసి డిక్షనరీలో చేర్చాలి. పరిమితి చెప్పకుండా ‘స్ప్లిట్’ను వాడితే, విలువలో మరో సమాన చిహ్నం ఉన్నప్పుడు మూడు ముక్కలు వస్తాయి. వెబ్ చిరునామాల్లో ఇది తరచు ఎదురవుతుంది.

డిక్షనరీ అన్నది ఇక్కడ పైథాన్‌లోని ఒక దత్తాంశ రూపం పేరు. భాషా నిఘంటువులో ఒకే పదానికి రెండు అర్థాలుంటే రెండూ నిలుస్తాయి. ఈ డిక్షనరీలో మాత్రం ఒకే పేరు రెండోసారి వస్తే మొదటి విలువ చడీచప్పుడు లేకుండా చెరిగిపోతుంది.

అసలు ప్రమాదం విలువల దగ్గర ఉంది. ఫైలు నుంచి వచ్చిన ప్రతి విలువా అక్షరమాలికే. ఖాళీగా లేని ఏ అక్షరమాలికనైనా పైథాన్ ‘సత్యం’గానే పరిగణిస్తుంది. కాబట్టి ‘లేదు’ అన్న విలువను నేరుగా షరతులో పెడితే దానికి ‘అవును’ అన్న ఫలితమే వస్తుంది. ఆటవెలదిలో యతికి బదులు ప్రాసయతి చెల్లుతుంది. ప్రాసయతి పాదాలను మినహాయించి యతిని మాత్రమే లెక్కించదలచిన పరిశోధకుడి పట్టికలో ఆ పాదాలూ చేరిపోతాయి. దోషసందేశం ఏదీ రాదు. పట్టిక చూడటానికి సక్రమంగానే ఉంటుంది.

తెలుగు పేర్లతో మరికొన్ని చిక్కులున్నాయి. ‘శైలి’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా గాని, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిసిన రెండు సంకేతాలుగా గాని రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు వేరు. పేర్లను పోల్చే ముందు ఎన్ఎఫ్‌సీ సామాన్యీకరణ చేస్తే ఈ భేదం తొలగుతుంది. ‘ఎడిషన్’ వంటి పొల్లుతో ముగిసే మాటల చివర చేరే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య సంకేతం మాత్రం అలా తొలగదు. ‘స్ట్రిప్’ కూడా దానిని ఖాళీగా గుర్తించదు, విడిగా తీసివేయాలి. లేకపోతే ప్రోగ్రామ్ ఆ పేరు దొరకలేదని భావించి, ముందే నిర్ణయించిన విలువను వాడుకుంటుంది. ఫైలు తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పడం కూడా తప్పనిసరి.

పైథాన్‌తో పాటే వచ్చే ‘కాన్ఫిగ్‌పార్సర్’ ఈ పనిని చాలావరకు తనపై వేసుకుంటుంది. చదరపు కుండలీకరణాల్లో విభాగ శీర్షిక ఉండాలని కోరుతుంది. ఒక విభాగంలో ఒకే పేరు రెండుసార్లు వస్తే దోషం చూపుతుంది. అయితే అది సమాన చిహ్నంతో పాటు కోలన్‌ను కూడా విభాజకంగా స్వీకరిస్తుంది. విసర్గకు బదులు కోలన్ కొట్టే అలవాటు తెలుగు టైపింగులో ఎంత సాధారణమో చెప్పనక్కరలేదు. ‘దు:ఖాంతం = అవును’ అన్న పంక్తిలో పేరు ‘దు’గా, విలువ ‘ఖాంతం = అవును’గా చీలిపోతాయి. విభాజకం సమాన చిహ్నం ఒక్కటేనని ముందుగా నిర్దేశిస్తే పంక్తి చీలదు.

‘లేదు’ విషయంలోనూ ఇందులో మేలైన మార్గముంది. ‘గెట్‌బూలియన్’ యెస్, నో, ట్రూ, ఫాల్స్, ఆన్, ఆఫ్, 1, 0 అన్నవాటినే అంగీకరించి, మరేది కనిపించినా దోషం ప్రకటించి ఆగుతుంది. ఆ జాబితాకు ‘అవును’, ‘లేదు’ అన్న రెండు మాటలను చేర్చే వీలు కూడా కల్పిస్తుంది.