ఆ 120 సెకన్లు ఎవరి చేతిలో ఉండాలి?

విశాఖ నుంచి అరకుకు రైలు దారి సుమారు 130 కిలోమీటర్లు, ప్రయాణం దాదాపు 4 గంటలు. ఎగువదారి, వంపులు, సొరంగాలు కొంత ఆలస్యం చేస్తే, సింగిల్ లైన్ మీద ఎదురుబండి కోసం ఆగడం మరికొంత చేస్తుంది. మన బండి స్టేషన్ బయట ఔటర్‌లో నిలబడుతుంది. ఎదురుబండి అప్పటికే స్టేషన్‌కు వచ్చి పక్క లైన్లో ఆగి ఉంటుంది. అయినా మనకు సిగ్నల్ పడదు. స్టేషన్ మాస్టర్ టీ తాగుతున్నాడేమోనని పెట్టెలో ఎవరో ఒకరు అంటారు. ఆయన ఎంత తొందరపడినా ప్యానెల్ ఒప్పుకోని కొంత సమయం అక్కడ ఉంటుంది. మామూలుగా అది 120 సెకన్లు.

బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి 1960ల్లో వేసిన దారి ఇది. కొత్తవలస నుంచి కిరండోల్ దాకా సుమారు 445 కిలోమీటర్లు, 58 సొరంగాలు. అరకుకు కాస్త ముందొచ్చే శిమిలిగూడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. ఘాట్‌లో ఎగువ 60కి 1 దాకా ఉంటుంది, అంటే కిలోమీటరుకు దాదాపు 17 మీటర్లు ఎక్కాలి. ఖనిజం నింపుకున్న గూడ్సు బండి అదే వాలులో దిగాలి. స్టేషన్ వైపు వాలు 80కి 1 కన్నా ఎక్కువైతే అదుపు తప్పిన బండిని పక్కకు మళ్లించే క్యాచ్ సైడింగ్ ఉండాలన్నది రైల్వే నియమం. ఇలాంటి చోట్ల ‘బండి ఆగాల్సిన చోట ఆగింది’ అని నమ్మడానికి, పొరపాటు సిగ్నల్ పడకుండా అడ్డుకునే ఇంటర్‌లాకింగ్ యంత్రం తొందరపడదు.

వచ్చిన బండి స్టేషన్ చివర ఉండే స్టార్టర్ సిగ్నల్ దగ్గర ఆగాలి. బ్రేకు సరిగా పడక కాస్త ముందుకు జారినా ప్రమాదం లేకుండా, ఆ సిగ్నల్ అవతల 120 మీటర్ల పట్టాలు ఖాళీగా ఉంచుతారు. దీన్నే ఓవర్‌ల్యాప్ అంటారు. బండి లోపలికి వచ్చేసిందని, పట్టాల మీద బండి ఉనికిని కనిపెట్టే ట్రాక్ సర్క్యూట్ చెప్పినా, 120 సెకన్లు గడిచేదాకా మన బండి దాటాల్సిన ఆ ముక్కను యంత్రం వదలదు. మనం ఔటర్‌లో వాచీ చూసుకునేది చాలాసార్లు అప్పుడే.

రూటు రద్దు చేసినప్పుడు ఈ విరామం ఇంకా కఠినం. స్టేషన్ మాస్టర్ ఒక బండికి పచ్చ సిగ్నల్ ఇచ్చి, ఏదో కారణంతో వెనక్కి తీసుకున్నాడనుకుందాం. సిగ్నల్ వెంటనే ఎర్రబడుతుంది. బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పాయింట్లు మాత్రం 120 సెకన్ల పాటు తాళం వేసినట్టే ఉంటాయి. ఎందుకంటే ఆ ఎరుపును లోకో పైలట్ చూశాడో లేదో, చూసినా ఆపగలిగాడో లేదో యంత్రానికి తెలియదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్న బండి సమంగా బ్రేకు వేసుకుంటూ కిలోమీటరు దూరంలో ఆగిందనుకోండి. దాని సగటు వేగం 30. ఆగడానికి పట్టే సమయం సరిగ్గా 120 సెకన్లు. (నియమం ఈ లెక్క నుంచే పుట్టిందని అనను, అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూపడానికే.) ఆ వ్యవధిలో బండి ఆగనైనా ఆగాలి, లేదా ఎర్ర సిగ్నల్ దాటి లోపలికొచ్చి ట్రాక్ సర్క్యూట్‌కు దొరకాలి. దొరికితే పాయింట్లు కదలవు. ఇలా అత్యవసరంగా రద్దు చేసిన ప్రతిసారీ ప్యానెల్ మీద కౌంటర్ ఒక అంకె పెరుగుతుంది. దాన్ని వెనక్కి తిప్పడం కుదరదు, కారణం రిజిస్టర్‌లో రాయాలి.

రైల్వేలో ఇలాంటిదే ఇంకో విరామం ఉంది. అది యంత్రంలో లేదు, నిబంధనల పుస్తకంలో ఉంది. ముందున్న బండిని బట్టి తనంతట తానే మారే ఆటోమేటిక్ సిగ్నల్ ఎర్రగా ఉంటే లోకో పైలట్ బండి ఆపి, పగలైతే 1 నిమిషం, రాత్రయితే 2 నిమిషాలు ఆగి, ఆ తర్వాత జాగ్రత్తగా నెమ్మదిగా కదలాలి. ముందున్న సెక్షన్‌లో ఇంకో బండి ఉండొచ్చు, సిగ్నలే చెడిపోయి ఉండొచ్చు. రెండింటిలో ఏదో తెలియనప్పుడు ఆగడమే దారి.

ఈ విరామం తప్పితే ఏమవుతుందో అరకు లైను మొదలయ్యే కొత్తవలసకు పక్క స్టేషన్ చూసింది. 2023 అక్టోబర్ 29, ఆదివారం, రాత్రి 7 గంటల వేళ. కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య విశాఖ–పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి విశాఖ–రాయగడ ప్యాసింజర్ ఢీకొట్టింది. 14 మంది చనిపోయారు. చెడిపోయిన రెండు ఆటోమేటిక్ సిగ్నళ్లను వెనక బండి నిబంధన ప్రకారం దాటలేదని ప్రాథమిక విచారణ తేల్చింది. అక్కడ 2 నిమిషాలు ఆగి, ఆపై గంటకు 10 కిలోమీటర్లు మించకుండా వెళ్లాలి. ఆ వేగంలో బండి సెకనుకు 3 మీటర్లు కూడా కదలదు. ఎదుట ఆగిన బండి తోకదీపం కనబడగానే ఆపుకోవచ్చు.

తప్పు వెనక బండి నడిపిన ఇద్దరి మీదికి వెళ్లింది, వాళ్లూ ఆ ప్రమాదంలోనే పోయారు. నాకు మాత్రం ఇందులో లెక్క సరిపోలేదనిపిస్తుంది. స్టేషన్ లోపల 120 సెకన్లను స్టేషన్ మాస్టర్ ఇష్టానికి వదలకుండా టైమర్‌కు అప్పగించారు. స్టేషన్ బయట, చీకట్లో, అదే 120 సెకన్లను లోకో పైలట్ జ్ఞాపకానికి వదిలేశారు. ఎర్ర సిగ్నల్ దాటబోతే తానే బ్రేకు వేసే కవచ్ అప్పటికి సుమారు 1,465 కిలోమీటర్ల మేర, దక్షిణ మధ్య రైల్వేలో ఉంది. కంటకాపల్లి ఉన్న వాల్తేరు డివిజన్ అప్పుడు తూర్పు కోస్తా రైల్వేలోది. అందుకే ఆ రోజు అక్కడ కవచ్ లేదు. కొత్త లైన్లు, డబ్లింగ్ పనుల కన్నా ముందు ఇలాంటి ఆటోమేటిక్ సిగ్నల్ సెక్షన్లకు కవచ్ అందాలి.