అమ్మమ్మ మళ్ళీ పుడుతుందా?

పోయినేడాది గుంటూరులో మా అత్తగారు పోయారు. ఆవిడ కథోలిక విశ్వాసి, మా ఆవిడా అంతే. మాది హిందూ కుటుంబం. మేం అమెరికా తిరిగొచ్చాక మా అమ్మ ఫోన్లో మా ఏడేళ్ళ పాపని ఊరుకోబెడుతూ, "అమ్మమ్మ ఎక్కడికీ పోలేదే, నీకు చెల్లెలై మీ ఇంట్లోనే పుడుతుంది" అంది. ఆదివారం చర్చిలో సత్యోపదేశం క్లాసులో పాప ఇదే మాట చెప్పిందట. టీచరుగారు "అలా జరగదమ్మా, ఒక మనిషికి ఒకటే జీవితం" అన్నారట. ఇంటికొచ్చి "ఇద్దరిలో ఎవరు అబద్ధం చెప్పారు?" అని మమ్మల్ని నిలదీసింది.

"అన్ని మతాలూ చెప్పేది ఒకటేనమ్మా" అని తప్పించుకోబోయాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. "అడుగుతున్నది మా అమ్మ గురించి. ఒకటే ఎలా అవుతుంది?" అంది. అప్పుడు కూచుని చదవడం మొదలుపెట్టాను.

తికమక ముందు మాటల్లోనే ఉంది. స్వర్గం, నరకం, మోక్షం, ఆత్మ అనే మాటలు రెండు వైపులా అవే. మనకి స్వర్గం శాశ్వతం కాదు. పుణ్యం ఉన్నన్నాళ్ళు ఉండి, అది అయిపోగానే భూమ్మీదకి తిరిగి రావలసిందేనని భగవద్గీత తొమ్మిదో అధ్యాయం చెబుతుంది. నరకం కూడా అంతే, శిక్ష తీరాక బయటపడతాం. మోక్షమంటే ఈ రాకపోకలు ఆగిపోవడం. తెలుగు కథోలికులు మోక్షం అన్నప్పుడు దేవుణ్ణి ముఖాముఖిగా చూస్తూ ఉండిపోవడం అని అర్థం. పూర్తిగా శుద్ధి అయిన ఆత్మ అంత్యదినం దాకా ఆగనక్కర లేకుండానే ఆ దర్శనం పొందుతుందని 1336లో పోపు పన్నెండో బెనెడిక్టు ప్రకటించారు. అక్కడ కూడా అమ్మమ్మ అమ్మమ్మగానే ఉంటుంది. అద్వైతి దీన్ని ఒప్పుకోడు. మోక్షంలో కూడా జీవుడు వేరు, దేవుడు వేరు అనే మధ్వాచార్యుల వారి శిష్యులకి మాత్రం ఇదేమంత కొత్తగా ఉండదనుకుంటాను.

అసలు తేడా "నేను" అంటే ఎవరు అన్న దగ్గర ఉంది. చిరిగిన బట్ట విడిచి కొత్త బట్ట కట్టుకున్నట్టు ఆత్మ శరీరాన్ని మారుస్తుందని గీత రెండో అధ్యాయంలో ఉపమానం. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం దీన్ని పాత కంప్యూటర్లోని ప్రోగ్రాం కొత్తదాంట్లో ఎక్కించినట్టు అని చెప్పుకుంటాం. కథోలిక సిద్ధాంతానికి ఈ పోలిక పొసగదు. వాళ్ళకి శరీరం బట్ట కాదు, మనిషిలో సగం. ఆత్మ, శరీరం కలిస్తేనే అమ్మమ్మ. అందుకే వాళ్ళ విశ్వాస సంగ్రహం చివర్లో శరీర ఉత్థానం ఉంటుంది. అమ్మమ్మ ఆత్మ ఇంకో పాపలో చేరితే, ఉత్థానం రోజున లేచేది ఎవరు? 1992లో వెలువడిన కథోలిక సత్యోపదేశ గ్రంథం 1013వ పేరాలో మరణం తర్వాత పునర్జన్మ లేదని సూటిగా చెప్పేసింది.

మొదట్లో క్రైస్తవులు కూడా పునర్జన్మని నమ్మేవారనీ, 553లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ దాన్ని తీసేసిందనీ మన పార్టీల్లో తరచుగా వినిపిస్తుంది. అది నిజం కాదండీ. అక్కడ తప్పుపట్టింది ఆత్మలు శరీరాలకంటే ముందే ఉన్నాయన్న వాదాన్ని. ఆ వాదంతో ముడిపడిన ఒరిజెన్ కూడా ఆత్మ ఒక శరీరంలోంచి ఇంకో శరీరంలోకి మారడాన్ని తన మత్తయి సువార్త వ్యాఖ్యానంలో కాదన్నాడు.

ఇంక ఉత్తరించు స్థలం. మా అమ్మకి బాగా నచ్చింది ఇదే. దేవుడి స్నేహంలో పోయినా ఇంకా శుద్ధి కావలసిన ఆత్మలు అక్కడ ఉంటాయి. బతికున్నవాళ్ళ ప్రార్థనలు, పెట్టించే పూజలు వాళ్ళకి సాయపడతాయని 1563లో ట్రెంట్ మహాసభ ఖాయం చేసింది. "మన తద్దినం లాంటిదేగా!" అంది అమ్మ. కొంతవరకు నిజమే. కానీ ఇది రెండో అవకాశం కాదు. అక్కడున్న వాళ్ళందరూ చివరికి మోక్షానికే పోతారు, వెనక్కి రారు. మన వైపు ఇంకో చిక్కుంది. తాతగారు ఎక్కడో మళ్ళీ పుట్టేసి ఉంటే పిండం ఎవరికి చేరుతుంది? వసు రుద్ర ఆదిత్యులు దాన్ని ఆయన ఏ జన్మలో ఉంటే ఆ జన్మకి తగిన ఆహారంగా అందిస్తారని పెద్దల సమాధానం.

ఒక్క విషయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. డెబ్బై ఎనభై ఏళ్ళ బతుక్కి అంతులేని నరకమా? మన లెక్కే న్యాయం అనిపిస్తుంది. మా ఆవిడ ఊరుకోదు. "పుట్టుగుడ్డివాడి తల్లితో నీ కొడుకు పూర్వజన్మలో ఏదో చేశాడని చెప్పగలవా?" అంటుంది. యోహాను సువార్తలో శిష్యులు అడిగింది దాదాపు ఈ ప్రశ్నే. ఇతనూ పాపం చేయలేదు, ఇతని తల్లిదండ్రులూ చేయలేదన్నాడు ఏసు. నా దగ్గర దానికి జవాబు లేదు.

మా లాంటి ఇళ్ళలో ఇది సిద్ధాంతంతో ఆగదు. దహనాన్ని 1963 నుంచి కథోలిక సంఘం అనుమతిస్తోంది. అస్థికల్ని నీళ్ళలో కలపడం, చల్లడం కూడదని 2016లో వాటికన్ చెప్పింది. చావుని ఏదో చక్రంలో ఒక మజిలీ అనుకోవడాన్ని ఒప్పుకోలేమని కూడా ఆ పత్రంలోనే ఉంది. అంటే నావి కృష్ణలో, ఆవిడవి సమాధిలో. ఈ మాట మేం ఇద్దరం పైకి అనుకోవడానికి పన్నెండేళ్ళు పట్టింది.

పాపకి చివరికి ఇలా చెప్పాం: నానమ్మ నమ్మేది ఒకటి, అమ్మ నమ్మేది ఇంకొకటి. ఎవరూ అబద్ధం చెప్పలేదు, కానీ రెండూ ఒకటి కాదు. కాసేపు ఆలోచించి, "అమ్మమ్మ ఏది నమ్మేది?" అంది. "ఏసుప్రభువు మళ్ళీ లేపుతాడని" అంది వాళ్ళమ్మ. "అయితే అమ్మమ్మకి అదే" అంది పాప.

ఈ సంగతి ఫోన్లో చెబితే మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నవంబరు రెండున సమాధుల పండగటగా, వదినగారి పేరున నాదీ ఒక కొవ్వొత్తి పెట్టమను" అంది.

సెలవు.